అసెంబ్లీ మెట్రో దిగితే పిల్లలతో ఒక రోజు: మమ్మీ, డైనోసార్, చుక్కలు, పాలరాయి

సెలవు రోజు పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్లాలి అంటే హైదరాబాద్‌లో ముందు వినిపించేది మాల్‌లో గేమ్ జోన్, తర్వాత జూ. జూ మంచిదే గానీ అది ఒక్కటే రోజంతా మింగేస్తుంది, చిన్న కాళ్లకు నడక ఎక్కువ. గేమ్ జోన్ కార్డులో వేసిన డబ్బులు పావుగంట ఆగవు. నాంపల్లి, సైఫాబాద్, ఆదర్శనగర్ మధ్య ఉన్న చిన్న చుట్టు ఈ రెండిటికన్నా మేలు. పబ్లిక్ గార్డెన్స్, అందులోనే స్టేట్ మ్యూజియం, పక్క కొండ మీద చుక్కలు చూపించే బిర్లా ప్లానెటోరియం, సైన్స్ మ్యూజియం, డైనోసార్, ఆ పైన బిర్లా మందిర్. నాలుగు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు నగరంలో ఇంత దగ్గర దగ్గరగా ఇన్ని రకాలు ఇంకోచోట దొరకవు.

కానీ ఇక్కడికి వెళ్లి విసుగెత్తి వచ్చేవాళ్లూ తక్కువేం కాదు. మధ్యాహ్నం పన్నెండున్నరకు గుడికి వెళ్తే తలుపులు మూసి ఉంటాయి. శుక్రవారం వెళ్తే మ్యూజియం సెలవు. మే నెలలో ఒంటిగంటకు పార్కులో దిగితే పిల్లలు పదో నిమిషానికే ఐస్‌క్రీం బండి తప్ప ఇంకేమీ చూడరు. చోటు అదే, వరుస తప్పు. అందుకే ఈ సమీక్షలో సగం ఏది బాగుందన్నది, సగం ఏది ఎప్పుడు చూడాలన్నది.

వరుస చెప్పేస్తే మిగతాది తేలిక. ఎండ ఎక్కకముందు తోట, తెరిచిన వెంటనే మ్యూజియం, తొందరగా భోజనం, మిట్టమధ్యాహ్నం ప్లానెటోరియం, దాని వెంటే డైనోసార్, రాయి చల్లబడ్డాక గుడి. దీన్ని తలకిందులు చేస్తే ప్రతి చోటా ఎండకో, మూసిన తలుపుకో, క్యూకో గుద్దుకుంటారు.

చేరుకోవడం సంగతి. కారు వద్దు. అసెంబ్లీ సమావేశాలు జరిగే రోజుల్లో ఆ చుట్టుపక్కల బారికేడ్లు, మళ్లింపులు ఉంటాయి, మామూలు రోజుల్లోనూ పార్కింగ్ కోసం తిరిగే తిరుగుడుకే పిల్లలు అలిసిపోతారు. మెట్రో ఎర్ర లైన్, అంటే మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ వెళ్లేది, సరిగ్గా అసెంబ్లీ ముందు ఆగుతుంది. అమీర్‌పేట నుంచి ఎక్కితే పంజాగుట్ట, ఎర్రమంజిల్, ఖైరతాబాద్, లకడీకాపూల్ దాటి ఐదో స్టేషన్. ఎంజీబీఎస్ నుంచి వచ్చేవాళ్లకు నాలుగోది. హైటెక్ సిటీ, ఉప్పల్ వైపు వాళ్లు అమీర్‌పేటలో దిగి లైన్ మారాలి. అక్కడ ప్లాట్‌ఫారాలు వేర్వేరు అంతస్తుల్లో ఉంటాయి, కాబట్టి పసిపిల్లల బండి తెచ్చినవాళ్లు మొదటే లిఫ్ట్ ఎటుందో చూసుకోవాలి. మూడడుగుల లోపు ఎత్తున్న పిల్లలకు టికెట్ అక్కర్లేదు. రోజంతటికీ పిల్లల బండి తేవడం మాత్రం పొరపాటు. తోటలో బాగానే ఉంటుంది, కొండ మీద మాత్రం మెట్లే మెట్లు. రెండేళ్లలోపు బిడ్డ ఉంటే నడుముకు కట్టుకునే క్యారియర్ నయం.

ఉదయం ఎనిమిదికల్లా పబ్లిక్ గార్డెన్స్‌లో ఉంటే మంచిది. పాత పేరు బాగ్-ఎ-ఆమ్, పేరులోనే ఉంది అందరి తోట అని. ప్రవేశానికి టికెట్ లేదు. ఆ వేళకు వాకింగ్‌కు వచ్చే పెద్దవాళ్లు సగం మంది వెళ్లిపోతుంటారు, చెట్ల నీడ ఇంకా పొడుగ్గా ఉంటుంది. పిల్లలకు ఇక్కడ ప్రత్యేకంగా చూపించాల్సింది ఏమీ లేదు, పరిగెత్తనివ్వాలి, అంతే. రోజులో తర్వాత వచ్చేవన్నీ "ముట్టుకోవద్దు, అరవొద్దు, పరిగెత్తొద్దు" అనే చోట్లే కాబట్టి ఆ రెండు గంటలు ఊరికే పోవు. ఒక బంతి, ఒక పాత దుప్పటి తెస్తే చాలు. షటిల్ బ్యాట్లు తెచ్చేవాళ్లు కనిపిస్తారు గానీ కాక్ చెట్టెక్కితే దించడానికి ఇంకో అరగంట.

తోట లోపల నుంచే అసెంబ్లీ పాత భవనం తెల్ల గుమ్మటాలు కనిపిస్తాయి. 1913లో పూర్తయిన ఆ భవనం మొదట టౌన్ హాల్, ఆరో నిజాం నలభయ్యో పుట్టినరోజు గుర్తుగా కట్టారు. ఆరేడు తరగతుల పిల్లలకు ఈ ఒక్క ముక్క చెప్పి వదిలేయండి, ఉపన్యాసం వద్దు. తోటలోనే జూబ్లీ హాల్, లలితకళా తోరణం, జవహర్ బాలభవన్ ఉన్నాయి. బాలభవన్ ఒక రోజు చూసి వచ్చే చోటు కాదు. అక్కడ పిల్లలకు సంగీతం, నాట్యం, బొమ్మలు వేయడం లాంటివి నేర్పిస్తారు, ఎండాకాలం సెలవుల్లో గిరాకీ ఎక్కువ. దగ్గర్లో ఉండేవాళ్లు దారిలో ఆగి వివరాలు కనుక్కుంటే ఈ ప్రయాణానికి అదనపు లాభం.

తోటకు రెండు ఇబ్బందులు. ఒకటి, వానాకాలంలో గడ్డి నేల రోజుల తరబడి చిత్తడిగా ఉంటుంది, తెల్ల బూట్లు వేసుకొస్తే మీ ఇష్టం. రెండోది దోమలు. కాళ్లు కప్పే ప్యాంటు వేయండి, ఓడోమాస్ ఇంట్లోనే రాసి తీసుకురండి. సాయంత్రం ఇక్కడికి రావద్దని చెప్పడానికి దోమలే చాలు. బాత్రూం విషయానికొస్తే మెట్రో స్టేషన్‌లో ఒకసారి, మ్యూజియంలో ఒకసారి అని మొదటే లెక్క వేసుకోండి. తోట మధ్యలో ఉండగా వెతుక్కునే పరిస్థితి తెచ్చుకోవద్దు.

మ్యూజియం పదిన్నరకు తెరుస్తారు. శుక్రవారాలు, ప్రభుత్వ సెలవు రోజుల్లో మూసి ఉంటుంది, దసరాకో సంక్రాంతికో బంధువుల పిల్లల్ని వెంటేసుకుని వచ్చేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. టికెట్ ధర చూస్తే మల్టీప్లెక్స్‌లో పాప్‌కార్న్ గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఏడో నిజాం కాలంలో, 1930లో మొదలైన మ్యూజియం ఇది. పేరు చాలాసార్లు మారింది, ఆటోవాళ్లకు మాత్రం ఇప్పటికీ "పబ్లిక్ గార్డెన్ మ్యూజియం" అంటేనే తెలుస్తుంది.

పిల్లలు ఇక్కడికి వచ్చేది మమ్మీ కోసం. దక్షిణ భారతంలో ఉన్న ఒకే ఒక్క ఈజిప్టు మమ్మీ. నైషు అనే రాజకుమారిదని చెబుతారు, చనిపోయేనాటికి పదహారు, పద్దెనిమిదేళ్ల మధ్య. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ సుమారు వెయ్యేళ్లో రెండువేలేళ్లో కాదు, అంతకన్నా పాతదైన ఈ శరీరాన్ని 1920 ప్రాంతంలో వెయ్యి పౌండ్లకు కొని తెచ్చాడు. ఏడో నిజాం చేతుల మీదుగా అది మ్యూజియానికి చేరింది. 2016లో సీటీ స్కాన్ తీసి, ఆ తర్వాత ఆక్సిజన్ చొరబడని గాజుపెట్టెలో పెట్టారు. హైదరాబాద్ వానాకాలపు తేమకు, గాలికి గుడ్డ, చర్మం మెల్లగా పాడవుతాయి. లోపల ఆక్సిజన్ లేకపోతే బూజుకూ పురుగుకూ బతుకు లేదు.

ఇక్కడ తల్లిదండ్రులు చేసే తప్పు ఒకటుంది. వారం రోజులుగా "మమ్మీ చూద్దాం" అని ఊరించి తీసుకొస్తారు, పిల్లల బుర్రలో సినిమా దయ్యం ఉంటుంది. తీరా చూస్తే పెట్టెలో కదలని చిన్న శరీరం. నాలుగేళ్ల పిల్ల భయపడుతుంది, పదేళ్లవాడు "ఇంతేనా" అంటాడు. ఇద్దరికీ మందు ఒకటే, ముందురోజు రాత్రే ఎలా తయారుచేస్తారో చెప్పడం. మన పిల్లలకు ఇది చాలా తేలిక. మామిడి ముక్క ఉప్పులో ఊరి, ఎండి, మాగాయగా ఏడాది నిలవ ఉండటం ఇంట్లో చూశారు కదా. ఎండుచేపకూ అదే సూత్రం. ఈజిప్టువాళ్లు నేట్రాన్ అనే ఒక రకం ఉప్పులో శరీరాన్ని సుమారు నలభై రోజులు కప్పి ఉంచి నీరంతా పీల్చేయించేవాళ్లు. ముందే పొట్టలోని అవయవాలు తీసేసేవాళ్లు, ఎందుకంటే కుళ్లేది అక్కడినుంచే. మెదడును ముక్కు రంధ్రంలోంచి కొక్కెంతో లాగేవాళ్లు. ఈ ఆఖరి ముక్క చెప్పారంటే పదేళ్లవాడి మొహంలో "ఇంతేనా" పోతుంది. నాలుగేళ్ల పిల్లకు మాత్రం చెప్పకండి.

మమ్మీ దగ్గర పది నిమిషాలు చాలు. మిగతా గదుల్లో కంచు విగ్రహాలు, కత్తులు, కవచాలు, చైనా పింగాణీ, నాణేలు, అజంతా చిత్రాలకు నకళ్లు ఉన్నాయి. అన్నీ చూపించాలని పట్టుబట్టొద్దు. కత్తుల గది, నాణేలు, ఈ రెండూ పిల్లల్ని ఆపుతాయి. నాణేల దగ్గర చిన్న ఆట పెట్టొచ్చు: ఏనుగు ఉన్న నాణెం, రాత ఉన్న నాణెం, బొమ్మే లేని నాణెం, ఎవరికి ముందు కనిపిస్తే వాళ్లకు ఒక పాయింటు. అద్దాల వెనక చీటీలు చిన్న అక్షరాల్లో ఉంటాయి, చదివి చెప్పే పని పెద్దవాళ్లదే. మొత్తం మీద గంటంపావు. అంతకన్నా ఎక్కువైతే మధ్యాహ్నం ప్లానెటోరియంలో నిద్రపోతారు.

పావు తక్కువ పన్నెండుకు బయటపడటం ముఖ్యం. లకడీకాపూల్ కూడలి చుట్టూ శాకాహార హోటళ్లు చాలా ఉన్నాయి, ఆదివారం ఒంటిగంట దాటితే బయట పేరు రాయించుకుని నిలబడాల్సిందే. పన్నెండుంబావుకు కూర్చుంటే ఆ గొడవ లేదు. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు ఉంటే రెండు భోజనాలు, ఒక ఇడ్లీ, ఒక పెరుగు చెప్పండి. నాలుగు భోజనాలు చెప్తే ఒకటిన్నర మిగిలిపోతుంది. రెడ్ హిల్స్ వైపు నడిస్తే నీలోఫర్ కేఫ్‌లో బన్ మస్కా, ఇరానీ చాయ్. పెద్దవాళ్లకు మధ్యాహ్నం నిలదొక్కుకోవడానికి చాయ్ బాగుంటుంది, పిల్లలకు మాత్రం అక్కడ బన్ను తప్ప ఏమీ పెద్దగా లేదు.

ఇంటి నుంచి తెచ్చుకునేవాళ్లకు ఒక మాట. ఎండాకాలంలో పొద్దున కలిపిన పెరుగన్నం మధ్యాహ్నానికి పుల్లగా మారుతుంది. అన్నాన్ని మెత్తగా మెదిపి గోరువెచ్చని పాలు పోసి, ఒక్క చెంచా పెరుగు వేసి మూతపెడితే తినే వేళకు సరిగ్గా తోడుకుని ఉంటుంది. పులిహోర ఎప్పుడూ నమ్మకమైంది, పసుపూ చింతపండూ దాన్ని కాపాడతాయి. ఉడకబెట్టిన బంగాళాదుంప కూర మాత్రం ఎండలో సంచిలో పెట్టుకుని తిరగొద్దు. నీళ్లు మనిషికి లీటరు లెక్కన తేవాలి, పిల్లలకు కూడా అంతే లెక్క, ఎందుకంటే వాళ్లు సగం ఒలకబోస్తారు.

ఇప్పుడు అసలు విందు. ఆటో ఎక్కి "బిర్లా ప్లానెటోరియం" అని చెప్పండి. "బిర్లా మందిర్" అంటే గుడి వైపు దించుతారు, అక్కడి నుంచి ప్లానెటోరియంకు మళ్లీ ఎండలో నడక. దూరం కిలోమీటరు చుట్టుపక్కలే గానీ మొత్తం ఎక్కుడు, మండే ఎండలో పిల్లల్ని నడిపించి ఆటో డబ్బులు మిగుల్చుకోవడం పిసినారితనం కూడా కాదు, తెలివితక్కువ.

నౌబత్ పహాడ్ మీద ఉన్న ఈ ప్లానెటోరియంను 1985 సెప్టెంబరులో అప్పటి ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు ప్రారంభించారు. సైన్స్ మ్యూజియం 1990లో, డైనోసార్ విభాగం 2000లో తోడయ్యాయి. కౌంటర్ దగ్గర రెండు సంగతులు తేల్చుకోవాలి. మొదటిది, తర్వాతి షో ఏ భాషలో. తెలుగు, ఇంగ్లీషు షోలు వేర్వేరు వేళల్లో ఉంటాయి. ఇంగ్లీషు మీడియం చదివినా సరే, పదేళ్లలోపు పిల్లలకు తెలుగు షోనే కొనండి. చీకట్లో, కొత్త విషయం, వేగంగా చెప్పే గొంతు, ఈ మూడూ కలిసినప్పుడు ఇంట్లో మాట్లాడే భాషే చెవికెక్కుతుంది. "శుక్రుడు, అంగారకుడు, బృహస్పతి" అని వింటే వాటిల్లో వారాల పేర్లు దొరుకుతాయి, ఇంటికెళ్లే దారిలో మాట్లాడుకోవడానికి సరిపడా సరుకు. రెండోది, మొత్తం మూడింటికీ కలిపి ఇచ్చే టికెట్టా, విడిగానా అన్నది. పిల్లలకు ఆరేళ్లు దాటితే మూడూ తీసుకోండి. నాలుగేళ్లలోపు బిడ్డ ఒక్కర్తే ఉంటే ప్లానెటోరియం వదిలేసి డైనోసార్‌కు తీసుకెళ్లండి.

ఎందుకంటే ఆ చీకటి మామూలు చీకటి కాదు. సినిమా హాల్లో తెర వెలుగు ఉంటుంది, ఇక్కడ కొన్ని నిమిషాలు చుక్కలు తప్ప ఏమీ ఉండవు. పసివాళ్లు బెదిరి ఏడుస్తారు. షో మొదలయ్యాక తలుపులు తీయడం వాళ్లకూ ఇష్టముండదు, పక్కవాళ్లకూ ఉండదు. తీసుకెళ్లక తప్పదనుకుంటే తలుపు పక్క చివరి సీటు పట్టుకోండి. ఆలస్యంగా వస్తే లోపలికి రానివ్వరు, షోకు పది నిమిషాల ముందే ఉండాలి. దీనికి ఇంకో కారణం కూడా ఉంది. ఎండలోంచి లోపలికి వచ్చిన కళ్లకు చీకటి అలవాటు పడటానికి కొన్ని నిమిషాలు పడుతుంది, ఆలోపు పిల్లలు మెట్ల దగ్గర తట్టుకుంటారు. ముందే కూర్చున్న పిల్లవాడికి మొదటి నుంచే చుక్కలు ఎక్కువ కనిపిస్తాయి.

సీటు విషయంలో మధ్యలో చుక్కలు చూపే యంత్రానికి మరీ దగ్గర వద్దు. అక్కడి నుంచి చూస్తే నిట్టనిలువుగా నెత్తిమీదకు చూడాలి, పదో నిమిషానికి మెడ పట్టేస్తుంది. గోడ వైపు వరసల్లో వెనక్కి వాలితే గుమ్మటం అంతా ఒక్క చూపులో పడుతుంది. లోపల ఏసీ చల్లగా ఉంటుంది, చెమటతో తడిసిన చొక్కాతో కూర్చున్న పిల్లలకు ముక్కు కారడం ఖాయం, ఒక పొడి చొక్కా సంచిలో ఉంచండి. షో అరగంట పైన ఉంటుంది. మెరుపులు, త్రీడీ హంగులు ఆశించి వచ్చినవాళ్లకు పాతగా అనిపించొచ్చు. కానీ వీధి దీపాల వెలుగులో పెరిగిన నగరం పిల్లకు ఇన్ని చుక్కలు ఒక్కసారి చూసే అవకాశం ఇంకెక్కడా లేదు, ఊరికెళ్లి డాబా మీద పడుకుంటే తప్ప.

సైన్స్ మ్యూజియంలో మీటలు నొక్కి, చక్రాలు తిప్పి చూసేవి ఉంటాయి. ఇలాంటి మ్యూజియాలు ఏ ఊళ్లో ఉన్నా ఏదో ఒక మీట ఆ రోజు పనిచేయదు, అది మామూలే. పిల్లలు ఒక్కో దాని దగ్గర పది సెకన్లు నొక్కి ముందుకు పరిగెడతారు, అది వాళ్ల తప్పు కాదు, ఏం జరగబోతుందో తెలియకపోవడం వల్ల. మీట నొక్కేముందు "ఏమవుతుందనుకుంటున్నావు?" అని ఒక్క మాట అడిగితే ఆగి చూస్తారు. అన్నిటి దగ్గరా అడగొద్దు, నాలుగైదు చోట్ల చాలు.

డైనోసార్ దగ్గర మాత్రం తొందరపడొద్దు. ఈ రోజు మొత్తంలో నా ఓటు దీనికే. అది విదేశం నుంచి తెచ్చిన ప్లాస్టిక్ బొమ్మ కాదు. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలు, అందుకే దాని పేరు కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. 16 కోట్ల ఏళ్లకు పైబడిన జంతువు. నిలబెట్టిన అస్థిపంజరం పొడవు 44 అడుగులు, ఎత్తు 16 అడుగులు. అంటే మూడు ఆటోల్ని వరసగా నిలబెట్టినా దాని తోక ఇంకా బయటికే ఉంటుంది. కొంచెం పెద్ద పిల్లలకు చెప్పాల్సిన సంగతి ఇంకోటి. ఇది ఒకే జంతువు ఎముకలతో కట్టింది కాదు. ఆ తవ్వకంలో దొరికిన 840 ఎముకలు కనీసం 12 జంతువులవి, వాటిలోంచి కూర్చి నిలబెట్టారు. పుర్రె దొరకలేదు, రెండు పళ్లు మాత్రం దొరికాయి. కాబట్టి తల వైపు చూస్తూ "మిగతాది ఎలా తెలిసింది?" అని పిల్లవాడు అడిగితే అది మంచి ప్రశ్న. దగ్గరి చుట్టాలైన జంతువుల పుర్రెలు చూసి ఊహించాలి, పళ్లు చూసి ఏం తినేదో చెప్పాలి. ఇది ఆకులు మేసే రకం, నాలుగు కాళ్ల మీద నడిచేది. కోరలున్న జంతువును ఊహించుకుని వచ్చిన ఆరేళ్లవాడికి ముందే చెప్పకపోతే మొహం మాడ్చుకుంటాడు.

ఫొటోకు చిట్కా: పిల్లను అస్థిపంజరం కాలి పక్కన నిలబెట్టండి, తల పక్కన కాదు. తల చాలా పైన ఉంటుంది, ఫ్రేములో పిల్ల చీమంత అవుతుంది. తొడ ఎముక పక్కన నిలబడితే ఎంత పెద్దదో చూసినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది.

ఇంతా అయ్యేసరికి నాలుగున్నర. ఎండాకాలంలో ఐదింటిదాకా నీడలో కూర్చుని బిస్కెట్లు తినండి. గుడికి పైకెక్కేది ఆ తర్వాతే. బిర్లా మందిర్ మధ్యాహ్నం మూసి ఉంటుంది, మూడింటి వేళకు తెరుస్తారు, కానీ మూడింటికి వెళ్లడం వెర్రి. రాజస్థాన్ నుంచి తెచ్చిన రెండు వేల టన్నుల తెల్ల పాలరాయి అది. నల్లరాయంత కాలకపోయినా ఏప్రిల్ మధ్యాహ్నం చెప్పుల్లేని చిన్న పాదాలకు నిప్పే. ఒక జత కాటన్ సాక్సులు పెట్టుకోండి, పాత కుటుంబాలకు ఇది అలవాటే. వాన కురిసినప్పుడు మాత్రం సాక్సులు తీసేయండి, తడి పాలరాయి మీద జారుతాయి.

ఫోన్లు, కెమెరాలు లోపలికి అనుమతి లేదు, కింద కౌంటర్‌లో ఇచ్చి టోకెన్ తీసుకోవాలి. ఇక్కడ జరిగే గందరగోళం అందరూ ఊహించేదే అయినా ఎవరూ ముందు ఆలోచించరు. నాన్న ఒక పిల్లతో ముందుకు, అమ్మ ఇంకొకరితో వెనక, ఎవరి దగ్గరా ఫోన్ లేదు. ఫోన్ ఇచ్చేముందే కలిసే చోటు ఒకటి ఖాయం చేసుకోండి, చెప్పుల స్టాండ్ అయితే తేలిక. పిల్లలందరి చెప్పులూ ఒకే సంచిలో వేసి ఇస్తే ఒకే టోకెన్, వెతుక్కునే పని లేదు.

గుడిలో పదకొండడుగుల నల్లరాతి వేంకటేశ్వరుడు. 1976లో రామకృష్ణ మిషన్‌కు చెందిన స్వామి రంగనాథానంద ప్రారంభించారు. గుళ్లో గంటలు లేవు, ధ్యానానికి నిశ్శబ్దం కావాలని రంగనాథానంద కోరారు. పిల్లలకు ఇది ముందే చెప్పండి, గంట కొట్టడానికి ఎత్తుకోమని మారాం చేసే పిల్లలు ప్రతిరోజూ కనిపిస్తారు. ఈ కొండకు నౌబత్ పహాడ్ అన్న పేరు ఇక్కడ నగారాలు మోగించి ఆజ్ఞలు చాటడం వల్ల వచ్చిందని చెబుతారు. నగారా మోగిన కొండ మీద గంట లేని గుడి. ఇది చెప్తే ఎనిమిదేళ్లవాళ్లు నవ్వుతారు.

పైనుంచి హుస్సేన్‌సాగర్, దాని మధ్య బుద్ధుడు కనిపిస్తాడు. సూర్యుడు దిగే వేళ అక్కడ ఉండటం బాగుంటుంది. అక్కడే "ఇక బోటింగ్‌కు పోదాం" అనే మాట వస్తుంది. వద్దు. లుంబినీ పార్కు, బోటు, బుద్ధ విగ్రహం ఇంకో రోజుకు సరిపడా ఉన్నాయి. తొమ్మిది గంటలుగా తిరుగుతున్న పిల్లలు బోటులో ఒడిలో పడుకుంటారు, టికెట్ డబ్బులు సాగర్‌లో. గాలి, వాన ఉంటే బోట్లు ఆపేస్తారు కూడా.

ఐస్‌క్రీం మాత్రం ఒప్పుకోవచ్చు, దారి పక్కనే కాబట్టి. మెట్రోలో రెండు స్టేషన్లు ముందుకెళ్లి గాంధీభవన్‌లో దిగితే మొజంజాహీ మార్కెట్ దగ్గర్లోనే. ఆ రాతి కమాను కింద ఫేమస్ ఐస్‌క్రీంలో కాలాన్ని బట్టి పండు: ఎండాకాలంలో మామిడి, వానల చివర సీతాఫలం. సీతాఫలం దొరికే కాలంలో ఇంకేదీ అడగొద్దు. నాంపల్లిలోనే ఆగాలనుకుంటే సుభాన్ బేకరీ ఉస్మానియా బిస్కెట్లు అరకిలో కట్టించుకోండి. ఉప్పూ తీపీ కలిసిన ఆ రుచి పిల్లలకు మొదట నచ్చకపోవచ్చు, పాలల్లో ముంచి ఇస్తే రెండోది అడుగుతారు.

ఏ రోజులు వెళ్లకూడదో చెప్పి ఆపుతాను. జనవరి 1 నుంచి ఫిబ్రవరి మధ్య దాకా నుమాయిష్, అంటే నాంపల్లి ఎగ్జిబిషన్, ఉంటుంది, సాయంత్రం నాంపల్లి మెట్రో కిటకిటలాడుతుంది. ఆ రోజుల్లో నాలుగున్నరకే తిరుగు ప్రయాణం కట్టండి, లేదా నుమాయిష్‌నే సాయంత్రం కార్యక్రమంగా పెట్టుకుని గుడి వదిలేయండి. మృగశిర కార్తె నాడు ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప ప్రసాదం కోసం రాష్ట్రాలు దాటి జనం వస్తారు, ఆ పక్కకే పోవద్దు. వినాయక చవితి నుంచి నిమజ్జనం దాకా ఖైరతాబాద్ స్టేషన్ వైపు రద్దీ చెప్పనక్కర్లేదు, నిమజ్జనం రోజైతే ఇంట్లో ఉండి టీవీలో చూడటమే. శుక్రవారం సంగతి చెప్పాను కదా. ప్లానెటోరియంకు కూడా నెలలో కొన్ని సెలవులుంటాయి, ముందురోజు ఫోన్ చేసి షో వేళలు, భాష రెండూ అడిగి బయల్దేరండి.

పదమూడేళ్లు దాటిన పిల్లలకు ఈ చుట్టు ఒక్కటే అయితే మధ్యాహ్నానికే ఫోన్ తీస్తారు. వాళ్లను వెంట తెచ్చేటప్పుడు తమ్ముడికో చెల్లికో డైనోసార్ గురించి చెప్పే పని అప్పగించండి, ముందురోజు రాత్రి చదువుకుని రమ్మనండి. మూడేళ్లలోపు బిడ్డ ఒక్కరే ఉన్న ఇల్లైతే తోట, డైనోసార్, రెండూ చూసి ఒంటిగంటకల్లా ఇంటికి చేరి నిద్రపుచ్చడం మేలు. ఆరు నుంచి పదేళ్ల మధ్య ఇద్దరు పిల్లలున్న ఇంటికి, పైన చెప్పిన వరుసలో, నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య, నుమాయిష్ రోజులు మినహా, ఏ శనివారమైనా బేషుగ్గా ఉంటుంది.